మేస్త్రీకి పగలు నేర్పిన వానాకాలం

యాభై ఏళ్ళుగా ఎలుకల బోనులు పెట్టుకుంటూ వచ్చిన బేకరీలోకి ఒక ఎలుకను పంజరంతో సహా, దాణా డబ్బాతో సహా చంకన పెట్టుకుని తెచ్చినవాడు మా మరిది.

"ఎలుక కాదు వదినా, హ్యామ్‌స్టర్," అన్నాడు.

"తోక లేని ఎలుక," అన్నాను.

"తోక ఉంది. చిన్నది. నీకు కళ్ళద్దాలు మార్చాలి."

పక్క వీధిలో పెంపుడు జంతువుల దుకాణం మూసేస్తున్నారు. అన్నీ అమ్ముడుపోయి ఇదొక్కటే మిగిలిందట. ఎవరూ తీసుకోకపోతే దీన్నేం చేస్తారని మరిది అడిగితే దుకాణం ఆయన తల అటు తిప్పుకున్నాడట. అది విన్నాక నేనింకేం అనగలను? మా కోడలు మాత్రం ఒంటికాలి మీద లేచింది. "చిన్న మామయ్యా, తనిఖీకి వచ్చేవాళ్ళు దీన్ని చూశారంటే షాపుకి తాళమే!" అంది. చివరికి దాన్ని మేడ మీద నా గది బయట, మెట్ల మలుపులో ఉంచాలని, కింద దాని ఊసే ఎత్తకూడదని ఒప్పందం కుదిరింది.

అప్పట్లో మాది రాత్రి బతుకు. రాత్రి తొమ్మిదింటికి పిండి కలిపేవాళ్ళం. ఒంటిగంటకు బట్టీ వేడెక్కేది. తెల్లారేసరికి రొట్టెలు దుకాణాలకు వెళ్ళిపోయేవి. ఊరంతా లేచే వేళకు మేం కిటికీలకు అట్టలు అడ్డం పెట్టుకుని పడుకునేవాళ్ళం. హ్యామ్‌స్టరు కూడా సరిగ్గా మాలాగే. చీకటి పడగానే లేచి పంజరంలో గిరగిరా తిరిగే చక్రం ఎక్కి పరుగెత్తేది. మధ్యలో నేను పైకి వెళ్ళి చూస్తే చక్రం దిగి, వెనక కాళ్ళ మీద నిలబడి, చేతులు గుండెకు ఆనించుకుని, పని ఎంతదాకా వచ్చిందని అడుగుతున్నట్టు చూసేది. అందుకే దానికి మేస్త్రీ అని పేరు పెట్టాం. పేరు పెట్టాక అది కాస్తా వాడు అయిపోయాడు.

వానాకాలం మొదటి వారంలో మా అబ్బాయి పిండి తొట్టి పక్కన కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరు చూసి, ఇన్నేళ్ళు రాత్రిళ్ళు మేలుకున్నది చాలనీ, ఇక నిద్ర లేకపోతే ఏ మందూ పనిచేయదనీ చెప్పేశాడు. మా కోడలు మాటల మనిషి కాదు. పది రోజుల్లో మనిషెత్తు ఫ్రిజ్జు ఒకటి, కరెంటు ఓవెను ఒకటి దింపించింది.

"సాయంత్రం పిండి కలిపి ఫ్రిజ్జులో పెడితే రాత్రంతా అదే నిదానంగా పొంగుతుంది. మనం పడుకుంటాం. పొద్దున ఆరింటికి కాల్చుకుంటాం," అని మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పింది.

"మరి బట్టీ?" అన్నాడు మరిది.

నలభై ఏడేళ్ళు ఆ కట్టెల బట్టీ నోటి ముందు నిలబడ్డ మనిషి అతను. చిటికెడు పిండి లోపలికి విసిరి, అది ఎర్రబడేలోపు అంకెలు లెక్కపెట్టి, ఇప్పుడు రొట్టె పెట్టొచ్చో లేదో చెప్పేవాడు. కొత్త ఓవెను నుదుటి మీద వేడెంతో ఎర్ర అంకెల్లో రాసే ఉంది.

"దీనికి లెక్కపెట్టేవాడు అక్కర్లేదు," అన్నాడు. "నేను మా అమ్మాయి దగ్గరకి పోతాను."

వాళ్ళమ్మాయి వేరే ఊళ్ళో ఉంటుంది. తల్లి పోయినప్పటి నుంచీ వచ్చేయమని పిలుస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ ఇతనే ఏదో ఒక సాకు చెప్పేవాడు.

"అదేంటి బాబాయ్, నువ్వు లేకపోతే బన్నులెవరు చుడతారు? పగలు మాతో పాటే లేవచ్చుగా," అన్నాడు మా వాడు.

"పగలా? నా వల్ల కాదురా. ఎండ చూస్తే నాకు ఆవలింతలొస్తాయి."

"అలవాటు చేసుకుంటే అదే వస్తుంది మామయ్యా," అంది కోడలు.

"ఈ వయసులో అలవాట్లా? అంత సులువైతే పైనున్న మేస్త్రీ గాడికి నేర్పు. వాణ్ణి పగలు లేపి, చక్రం తిప్పించి చూపించు. అప్పుడు నేనూ లేస్తాను."

"మాట మీద ఉంటారా?"

"ఉంటాను. వానలు తగ్గాక మా అమ్మాయి కారు తెస్తానంది. ఆలోగా వాడు మారితే ఉంటాను. లేకపోతే ఇద్దరం కలిసే పోతాం."

కోడలు నవ్వేసి మర్చిపోయింది. మా వాడు మందు వేసుకుని పడుకున్నాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

నా సంగతి కాస్త చెప్పాలి. మా ఆయన ఈస్టు తెస్తానని వెళ్ళిన పొద్దున నేను తలెత్తి చూడకుండా బన్నులు చుడుతూ ఉండిపోయాను. ఆయన బదులు, ఆయన ఇక లేరన్న కబురు వచ్చింది. మా చెల్లెలు ఊరు వదిలి పోతూ సామాను సర్దుకుంటుంటే పక్కన కూర్చుని మూటలు కట్టాను గానీ, వెళ్ళొద్దని అనలేదు. ఎవరినైనా ఉండమని అడిగితే, ఉండనంటారేమోనని భయం. అడగకపోతే ఆ మాట వినక్కర్లేదు కదా. నలభై ఏడేళ్ళు ఒకే బల్ల దగ్గర, ఒకే పిండితో పనిచేసిన మరిదిని అడగడం కన్నా ఎలుకకు పగలు నేర్పడం నాకు సులువనిపించింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పిండి బస్తాల మీద అచ్చులు చూసి అక్షరాలు పట్టుకున్నాను. రొట్టెలు చుట్టే పాత పేపర్లు చదివి చదవడం నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాళ్ళకి అచ్చులో ఉన్నదంతా నిజమే. పంజరంతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని నాలుగుసార్లు చదివాను. పెంపుడు జీవి నిద్రవేళ మార్చాలంటే తిండి పెట్టే వేళను రోజుకి పావుగంట చొప్పున జరపాలని, పడుకోవాల్సిన వేళలో చీకటి, లేవాల్సిన వేళలో వెలుతురు ఉండాలని అందులో ఉంది. ముందుకు జరపాలో వెనక్కి జరపాలో లేదు. నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. రాత్రి తొమ్మిదింటి తిండిని రోజుకో పావుగంట ముందుకు లాక్కుంటూ వస్తే నలభై ఎనిమిది రోజులకి పొద్దున తొమ్మిదికి చేరుతుంది. వానలు అన్నాళ్ళైనా ఉంటాయి. ఒక నోటుపుస్తకం తీశాను.

ఇక్కడ మనుషుల అవస్థ కూడా చెప్పాలి. మొదటి వారం మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పడుకున్నారో దేవుడికే తెలియాలి. కోడలు తెల్లవారుజామున మూడింటికి లేచి తల దువ్వుకునేది. మా వాడు రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుని ముద్ద నోటి దాకా తెచ్చి అక్కడే నిద్రపోయేవాడు. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి, గొడుగులేసుకుని అటూ ఇటూ పోయే జనాన్ని చాలాసేపు చూశాడు.

"అమ్మా, పగలు ఇంతమంది రోడ్డు మీద ఏం చేస్తుంటారు?"

"ఏమో నాయనా. నేనూ యాభై ఏళ్ళుగా చూడలేదు."

నాకు మాత్రం నిద్ర పట్టడం మొదలయ్యాక, పిండి బస్తా మీద పడ్డట్టు పడింది. పదింటికి కళ్ళు మూస్తే ఐదింటిదాకా ఎవరెత్తుకుపోయినా తెలిసేది కాదు. మరిదిది మాత్రం పాత పద్ధతే. పగలంతా కింద పిండి గదిలో అట్ట అడ్డం పెట్టుకుని పడుకునేవాడు. సాయంత్రం లేచి మాకు పిండి కలిపిపెట్టి, మేం పడుకున్నాక ఒక్కడే ఇల్లంతా తిరిగేవాడు. చల్లారిన బట్టీని ఊడ్చి శుభ్రం చేసేవాడు. అందులో ఊడవడానికి ఏమీ లేదు.

నా పని గుట్టుగా సాగింది. అతను నిద్రలోనో, పిండి పనిలోనో ఉండగా నేను పైకి వెళ్ళి, పంజరం మీద గుడ్డ తీసి, వెలుతురు తగిలేట్టు కిటికీ వైపు తిప్పి, పొద్దుతిరుగుడు గింజలు పెట్టేదాన్ని. నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. పన్నెండో రోజు, ఆరింటికి గింజలు. ముక్కు బయటపెట్టాడు. పంతొమ్మిదో రోజు, నాలుగుంబావుకి. బయటికొచ్చి, అన్నీ బుగ్గల్లో కుక్కుకుని, ఆవలించి, లోపలికి పోయాడు. నేనూ ఆవలించాను. ఇరవై ఆరో రోజు, రెండున్నరకి. లేవలేదు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే గింజలు లేవు.

గిన్నె ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండేది. ఆకలి బాగా పెరిగింది, అంటే మారుతున్నాడు అనుకున్నాను. ఒళ్ళు చేశాడు కూడా. చక్రం ఎక్కితే అది ముందులా గిరగిరా తిరిగేది కాదు, బరువుబండిలా కిర్రుమనేది. రంగు కూడా తేలింది. నేను లోలోపల పొంగిపోయాను. ఒకోసారి, నిద్రపోతున్న ప్రాణిని కదిపి లేపుతున్నానే, దీని ఉసురు తగులుతుందేమోనని భయం వేసేది. భయం వేసిన రోజు రెండు గింజలు ఎక్కువ పెట్టేదాన్ని.

ఒక సాయంత్రం పిండి కలుపుతూ మరిది అడిగాడు. "ఏం వదినా, మీ శిష్యుడు ఏమంటున్నాడు? మీ కోడలు నేర్పుతోందా పాఠాలు?"

"మాకేం పని లేదా?" అన్నాను. "నువ్వు పెట్టె సర్దుకున్నావా?"

"ఒక పెట్టె. ఎంతసేపు? అయినా వాడు మారడులే. మొండివెధవ. నాలాంటివాడు."

అలా అంటూనే అతను వానలు ఇంకెన్నాళ్ళుంటాయని మా వాణ్ణి అడిగాడు. పోవాలని అంత తొందరగా ఉందా అని నాకు ఒళ్ళు మండింది. పిండిని బల్లకేసి కాస్త గట్టిగానే కొట్టాను.

నలభయ్యో రోజు పొద్దున పదకొండింటికి నేను గింజలు పట్టుకుని వెళ్ళేసరికి మేస్త్రీ ఆడుకునే ప్లాస్టిక్ గొట్టంలోంచి ఒక తల బయటికి, ఒక పిర్ర అవతలికి కనిపిస్తున్నాయి. మధ్యలో మిగతా మేస్త్రీ ఇరుక్కుని ఉన్నాడు. కాళ్ళు గాలిలో ఈదుతున్నాయి.

నేను కేక వేశాను. ఎవరిని పిలవాలో ఆలోచించలేదు. నోటికొచ్చిన పేరు పెట్టి, మరిదినే పిలిచాను. పట్టపగలు పదకొండింటికి ఆ మనిషి చొక్కా తిరగేసి తొడుక్కుని రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు. వెలుతురుకి కళ్ళు చిట్లించుకుని, "ఎక్కడ, ఎక్కడ వాడు?" అంటూ నా చేతిలో గింజల డబ్బా వైపు ఒకసారి చూశాడు. నేను దాన్ని కొంగు కింద పెట్టుకున్నాను.

కోడలు రొట్టెల వ్యాను తీసింది. పంజరం మరిది ఒళ్ళో, గొట్టం నా రెండు చేతుల్లో. దారిపొడుగునా "ఊపిరి తీసుకుంటున్నాడా?" అని అతను, "నెమ్మదిగా తోలమ్మా" అని నేను. జంతువుల డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. గొట్టాన్ని కత్తెరతో ఒక పక్కనుంచి కోసింది. మేస్త్రీ పొంగిన పిండిలా బల్ల మీదికి జారాడు. ఆమె తూకం వేసి కనుబొమలు ఎత్తింది.

"ఒకటికి ఒకటిన్నర అయ్యాడు. రోజుకి ఎన్నిసార్లు పెడుతున్నారు?"

"ఒక్కసారే," అన్నాను.

"ఒక్కసారే," అన్నాడు మరిది అదే క్షణంలో.

డాక్టరమ్మ నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఎప్పుడు?"

"ఇప్పుడైతే పదకొండింటికి," అన్నాను. "రోజూ పావుగంట ముందుకి జరుపుతున్నాను."

మరిది నేల వైపు చూస్తూ అన్నాడు. "నేను పొద్దున ఎనిమిదింటికి. పావుగంట వెనక్కి జరుపుతున్నాను. రాత్రి పదింటితో మొదలుపెట్టా."

కోడలు గోడ వైపు తిరిగింది. దాని భుజాలు కదులుతున్నాయి.

డాక్టరమ్మకి ఇంకా అర్థం కాలేదు. "ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి లాగితే ఎక్కడికి వెళ్తాడండీ?" అంటూ పంజరంలో చెక్క పొట్టు తీసి చూసింది. అడుగున ఒక మూల నా రెండు దోసిళ్ళకి పట్టనన్ని గింజలు. "ఇది పంజరం కాదు, గాదె! మీరెప్పుడు పెట్టినా వీడు బుగ్గల్లో నింపుకుని దాచుకున్నాడు, తనకి కుదిరినప్పుడు తిన్నాడు. మీ పావుగంటలతో వీడికి పనేముంది?"

"అయితే పగలు లేవడా?" అన్నాను.

"లేవడమ్మా. ఇది రాత్రి తిరిగే జాతి. మనం బలవంతంగా లేపితే జబ్బు పడతాడు తప్ప మారడు. మీరే వీడితో సర్దుకోవాలి."

తిరుగు దారిలో వాన బాగా పడింది. వ్యాను అద్దం తుడిచే పుల్లలు ఆగకుండా ఆడుతున్నాయి. నాకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, పందెం పోయింది. రెండోది, ఈ మనిషి నలభై రోజులు మేం నిద్రలోనో, ఓవెను దగ్గరో ఉండగా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. ఎందుకెక్కాడో అడగాలని ఉంది.

"నువ్వెందుకు పెట్టావు?" అన్నాను కిటికీలోకి చూస్తూ.

"నువ్వెందుకు పెట్టావు?" అన్నాడు.

"ఆకలేస్తుందని."

"నేనూ అంతే."

"అయితే చిన్న మామయ్యా," అంది కోడలు అద్దంలోంచి, "పందెం ఓడిపోయినట్టేనా?"

"మాట మాటే కదమ్మా," అన్నాడు. మేస్త్రీ అతని అరచేతిలో గుండ్రంగా చుట్టుకుని నిద్రపోతున్నాడు.

తర్వాత వారం పది రోజుల్లో వానలు తగ్గాయి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వస్తానని వాళ్ళమ్మాయి ఫోను చేసింది. నేను ఆ వారమంతా మామూలుగానే ఉన్నాను. అతని చొక్కాలకి ఊడిన గుండీలన్నీ కుట్టాను. దారిలో తినడానికి రొట్టె పొట్లం కట్టాను. మేస్త్రీ పుస్తకాన్ని, నేను ఎర్ర గీతలు గీసిన పేజీలతో సహా, అతని పెట్టెలో పెట్టాను. సాగనంపడంలో నాకు చాలా అనుభవం.

ఆదివారం ఏడున్నరకి ఓవెనులో రెండో వాయి ఉంది. మా వాడు ట్రేలు దింపుతున్నాడు. నేను మూడో వాయికి బన్నులు చుడుతున్నాను. మరిది పెట్టె ఒక చేత్తో, గుడ్డ కప్పిన పంజరం ఒక చేత్తో పట్టుకుని వచ్చి, బల్లకి అవతల నిలబడ్డాడు. రాత్రంతా పడుకోనట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళొస్తా వదినా," అన్నాడు.

నేను తల ఎత్తలేదు. నా చేతుల్లో పిండి ఉంది. పిండి చేతుల్లో ఉన్నప్పుడు మనిషికి తల ఎత్తకపోవడానికి మంచి కారణం దొరుకుతుంది. ఒక బన్ను చుట్టి పెట్టాను. ఇంకోటి చుట్టాను. అది వంకర వచ్చింది.

"ఉండిపో," అన్నాను.

"ఏంటీ?"

"వినబడలేదా? ఉండిపోవయ్యా అంటున్నాను. పగలు లేవకు. ఎప్పుడు మెలకువ వస్తే అప్పుడు లే. రాత్రిళ్ళు తిరుగు. బట్టీ ఊడ్చుకో. నాకేం అడ్డం? కానీ ఇక్కడ ఉండు."

ఓవెను టింగుమంది. మా వాడు కదల్లేదు. కోడలు తలుపు దగ్గర ఆగిపోయింది.

మరిది పెట్టె కింద పెట్టాడు. పంజరాన్ని మెట్ల మీద పెట్టాడు. "ఈ ఒక్క ముక్క అనడానికి," అన్నాడు నెమ్మదిగా, "ఆ వెధవని నలభై రోజులు మేపి మేపి గొట్టంలో ఇరికించావా?"

"నువ్వు మేపలేదా?"

"నేను మేపానంటే, నన్ను ఉండమని ఎవరూ అనలేదని మేపాను."

"ఇప్పుడు అన్నాను కదా."

అతను బల్ల మీద నేను చుట్టిన బన్నులు చూశాడు. వాటిలో ఒకటి తీసి తిప్పి చూశాడు. "ఇవి బన్నులా వదినా? ముసలివాళ్ళ మోకాళ్ళలా ఉన్నాయి. జరుగు," అని చొక్కా చేతులు మడిచి, కుళాయి దగ్గరకి వెళ్ళి మోచేతులదాకా కడుక్కున్నాడు. తిరిగొచ్చి, నా పక్కన ఎప్పటి చోటులోనే నిలబడి పిండి ముద్ద తుంచాడు.

"రొట్టె మాడుతోందిరా!" అని అరిచాడు. మా వాడు ఉలిక్కిపడి ఓవెను తెరిచాడు.

ఎనిమిదింటికి బయట హారను మోగింది. మరిది తల ఎత్తలేదు. వాళ్ళమ్మాయి లోపలికి వచ్చి, నేల మీద పెట్టెనీ, బల్ల దగ్గర తండ్రినీ చూసి నిలబడిపోయింది.

"ఏంటి నాన్నా? ఇంకా బయల్దేరలేదా?"

"చేతులు ఖాళీ లేవమ్మా," అన్నాడు. అతని రెండు అరచేతుల కింద రెండు బన్నులు గుండ్రంగా తిరుగుతున్నాయి. "ఏదైనా ఉంటే మీ పెద్దమ్మని అడుగు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. అంత దూరం కారు తోలుకుని వచ్చింది. దానికీ తండ్రి కావాలి. నేను చేతులు తుడుచుకున్నాను. డెబ్భై నాలుగేళ్ళలో ఎవరితోనూ అనని 'ఉండిపో' అన్న మాటని ఒక్క పొద్దునే రెండోసారి అనాల్సి వచ్చింది. రెండోసారి కాస్త తేలిగ్గా వచ్చింది.